మలేషియా అచ్చుచిత్రాలు: అలంకారమా, సాక్ష్యమా?

మలయ్ భాషలో ముద్రకూ అచ్చుకూ వాడే పాత మాట “చాప్”. హిందుస్తానీ “ఛాప్” ఎరిగిన వారికి ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు వేరే చెప్పనక్కర లేదు. సుల్తాను రాజముద్ర చాప్. బాతిక్ గుడ్డ మీద మైనం అద్దే రాగి దిమ్మ చాప్. పుస్తకం అచ్చువేయడమూ ఒకనాటి మలయ్‌లో చాపే. మలయ్ మగవారు నమాజుకు కట్టుకునే గళ్ల లుంగీకి ఇప్పటికీ “కాయిన్ పెలికాత్” అనే పేరు. అది మన తూర్పు తీరంలోని పులికాట్ రేవు పేరు. మచిలీపట్నం అద్దకపు బట్టలు 17వ శతాబ్దంలో ఆ ద్వీపాల బజార్లలో బియ్యానికీ సుగంధ ద్రవ్యాలకూ మారకంగా చెల్లాయి. దిమ్మను రంగులో ముంచి ఒకే రూపాన్ని పదిసార్లు, నూరుసార్లు అద్దడమనే పని ఆ దేశానికి కళాశాలలతో వచ్చినది కాదనడానికి ఇంతవరకు చెబితే చాలు. బాతిక్ నుండి నేరుగా ఆధునిక అచ్చుచిత్రం పుట్టిందని చెప్పుకోవడం మాత్రం అతిశయోక్తి అవుతుంది. ఆ రెంటి నడుమ పుస్తకం ఉంది.

పుస్తకం సంగతి ముందు చూడాలి. మలక్కాలో పుట్టిన మున్షీ అబ్దుల్లా, తమిళ, అరబ్ రక్తాలు కలిసిన కుటుంబంవాడు, క్రైస్తవ మిషనరీల ముద్రణాలయంలో అచ్చుపని నేర్చుకున్నాడు. అతని స్వీయచరిత్ర “హికాయత్ అబ్దుల్లా” 1849లో సింగపూరులో జావీ లిపిలో రాతి అచ్చుపై వెలువడింది. జావీ అంటే అరబ్బీ లిపికి మలయ్ ధ్వనుల కోసం చ, ఙ, ప, గ, ఞ వంటి అక్షరాలను చుక్కలు పెట్టి చేర్చుకున్న రూపం. సీసపు అక్షరాలు అందుబాటులో ఉన్నా ముస్లిం ముద్రాపకులు రాతి అచ్చునే ఇష్టపడ్డారు. కారణం సులభంగా ఊహించవచ్చు. రాతి అచ్చులో కాతిబ్ చేతిరాత చెక్కుచెదరదు. అక్షరం అక్షరాన్ని ఆనుకుని, ఒకదాని మీద ఒకటి వాలి ఉండే లిపిని ముక్కలుగా కోసి పేర్చితే దాని ప్రాణం పోతుంది. హైదరాబాదు, లక్నో, కాన్పూరు ఉర్దూ కితాబులు చదివి పెరిగిన తరానికి ఈ రుచి తెలుసు. 1880లలో మక్కా ప్రభుత్వ ముద్రణాలయంలో మలయ్ గ్రంథాల విభాగాన్ని పటానీకి చెందిన షేక్ అహ్మద్ అల్ ఫతానీ పర్యవేక్షించాడు. మక్కా, మదీనాల రేఖాచిత్రాలున్న “దలాయిలుల్ ఖైరాత్” ప్రతులు ఆ ప్రాంతమంతటా ఇళ్లలో ఉండేవి. అలా మలయ్ ముస్లిం ఇంట్లో అచ్చుకాగితానికీ ధర్మానికీ బంధం చిత్రకారులు రాకముందే పడింది.

అయినప్పటికీ, చిత్రకళగా అచ్చు ఆ నేల మీద మొదలైంది ఈ దారిలో కాదు. దాన్ని తెచ్చినవారు చైనీయులు. 1931లో షాంఘైలో రచయిత లూ షున్ ప్రోత్సాహంతో నడిచిన చెక్కచిత్రాల శిక్షణ ఆ దేశంలో ఒక ఉద్యమమైంది. ఒక ఉలి, ఒక పలక, కాస్త సిరా ఉంటే చాలు. ప్రెస్సు లేకపోయినా చెంచా వెనుక వైపుతో రుద్ది అచ్చు తీయవచ్చు. కరువు, యుద్ధం, కూలీల బాధ కాగితం మీదికి ఎక్కడానికి అంతకన్న చవకైన దారి లేదు. 1930లలోనే సింగపూరు చైనీస్ పత్రికలలో అటువంటి నలుపు తెలుపు చిత్రాలు కనబడసాగాయి. 1938లో లిమ్ హాక్ తాయ్ స్థాపించిన నాన్‌యాంగ్ కళాశాల ఆ విద్యకు ఒక నీడనిచ్చింది. 1966లో లిమ్ యూ క్వాన్, లిమ్ మూ హ్యూ, సీ చీన్ టీ, చూ కెంగ్ క్వాంగ్, ఫూ చీ సాన్, టాన్ టీ చీ అనే ఆరుగురు సింగపూరులో కేవలం చెక్కచిత్రాలతో ప్రదర్శన పెట్టారు. అప్పటికి సింగపూరు మలేషియా నుండి విడిపోయింది. కనుక వారిని సింగపూరు లెక్కలో వేసి మలేషియా కళాచరిత్రను మరోచోట మొదలుపెట్టడం పటం గీసినవారికి అనుకూలం. కాని 1965కు ముందు ఆ ద్వీపంలోనూ ద్వీపకల్పంలోనూ ఒకే బజారు, ఒకే పత్రికలు, ఒకే బడులు. రబ్బరు తోట కూలీనీ రేవులో బస్తాలు మోసేవాడినీ మొదట కాగితంపైకి ఎక్కించిన ఉలి వారిదే. ముస్లిం పాఠకుడు ఈ అధ్యాయాన్ని పరాయివారిదని దాటేయడం సులభమే గాని న్యాయం కాదు. పీడితుని పక్షాన నిలిచే గుణం ఏ చేతిలో కనబడినా గుర్తించవలసినదే.

1957లో స్వాతంత్ర్యం వచ్చింది. 1958లో కౌలాలంపూరులో జాతీయ చిత్రశాలను టుంకు అబ్దుల్ రహ్మాన్ ప్రారంభించారు. 1967లో మారా సాంకేతిక విద్యాసంస్థలో కళావిభాగం ఏర్పడింది. ఈ చివరిదే ముఖ్యం. ఎందుకంటే పల్లెల నుండి వచ్చిన మలయ్ ముస్లిం యువకులకు ఎచింగ్ ప్రెస్సు, సిల్క్ స్క్రీన్ బల్ల, యాసిడ్ తొట్టి మొదట అందుబాటులోకి తెచ్చిన చోట్లలో అది ప్రధానమైనది. అంతకు కొంచెం ముందు పినాంగ్‌లో పుట్టిన లీ జూ ఫర్ లండన్ చదువు ముగించుకుని తిరిగివచ్చి అచ్చుచిత్రాన్ని తైలవర్ణ చిత్రానికి సాటిగా గోడ మీద నిలబెట్టే ప్రయత్నం చేశాడు. అతడు నాటకకర్త కూడా; 1970లలో ఆస్ట్రేలియాకు వెళ్లిపోయాడు.

1960ల చివరలో అసలు విద్య పారిస్ నుండి వచ్చింది. లాంగ్ తియెన్ షీ, లూ ఫో సాంగ్ అనే ఇద్దరు మలేషియన్లు స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17లో పనిచేశారు. ఆ కార్ఖానా పేరు వినగానే తెలుగువారు ఒకరిని తలచుకోవాలి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి, శాంతినికేతన్‌లో నందలాల్ బోసు శిష్యుడు, అదే కార్ఖానాలో హేటర్‌కు సహదర్శకుడుగా ఉన్నాడు. ఒకే లోహపు రేకు మీద అనేక రంగులు ఒక్కసారిగా అచ్చుతీసే పద్ధతి అతడూ, బొంబాయివాడైన కైకో మోతీ, హేటర్ కలిసి సాధించినది. కిటుకు నూనెలో ఉంది. ఒక రంగు సిరాలో నూనె ఎక్కువ, మరొక దానిలో తక్కువ. ఒక రోలరు గట్టిది, మరొకటి మెత్తనిది. గట్టి రోలరు రేకు పైతలాన్ని మాత్రమే తాకుతుంది, మెత్తనిది లోతుల్లోకి దిగుతుంది. పలచని సిరా మీద చిక్కని సిరా అంటదు. కనుక ఏ రంగు చోటులో ఆ రంగు నిలబడిపోతుంది. అంతకుముందు ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావలసి వచ్చేది. తెలుగుజిల్లా రైతుబిడ్డ పారిస్‌లో పండించిన ఈ విద్య కౌలాలంపూరు చేరిందంటే కళకు సరిహద్దులు అడ్డం రావని వేరే ఉపన్యాసం అక్కరలేదు.

అయితే పారిస్ నుండి విద్య వచ్చినంత వేగంగా విషయం రాదు. 1969 మే 13న కౌలాలంపూరులో జాతుల మధ్య రక్తపాతం జరిగింది. 1971 ఆగస్టులో మలయా విశ్వవిద్యాలయంలో జాతీయ సంస్కృతి మహాసభ జరిగి మూడు సూత్రాలు నిర్ణయించింది: జాతీయ సంస్కృతికి ఆ ప్రాంతపు ఆదివాసుల సంస్కృతి ఆధారం కావాలి, ఇతర సంస్కృతుల నుండి తగినవి గ్రహించవచ్చు, ఇస్లాం దానిలో ముఖ్య భాగం. నాటి నుండి మలయ్ చిత్రకారుని ముందు ఒక ప్రశ్న నిలిచింది. ముస్లిం చేసిన కళ ఏది, ఇస్లామీయ కళ ఏది?

తొలి సమాధానం లిపి నుండి వచ్చింది. అహ్మద్ ఖాలిద్ యూసుఫ్ 1971లో “అలిఫ్ బా తా” అనే చిత్రం వేశాడు. అది అచ్చు కాదు, రంగుల చిత్రం. కాని అచ్చుచిత్రకారులు తప్పించుకోలేని ప్రశ్న దానిలోనే ఉంది. అక్షరాలు వరుసలుగా, పొరలుగా పరుచుకుని ఉంటాయి. వాక్యం కావు, ఆయత్ కావు. ఓనమాలు దిద్దే పిల్లవాని పలకలా ఉంటుంది. అప్పటికే రోమన్ లిపి చట్టరీత్యా అధికారలిపి అయి కొన్నేళ్లయింది. జావీ బడి నుండి, కచేరి నుండి తొలగిపోతున్నది. చదవబడని లిపి గోడకెక్కడం గౌరవమా, వీడ్కోలా? రెండూ కావచ్చు. అహ్మద్ ఖాలిద్ చేతిలో అది చిత్తశుద్ధి గల పని. తరువాత ఎందరో చేతుల్లో మాత్రం అరబ్బీ అక్షరపు ఒంపు తివాచీ అంచులా వాడబడింది. అర్థం తెలియకపోయినా పవిత్రంగా కనబడుతుందన్న ధీమా దాని వెనుక ఉంది. లిపిని ఇంత తేలికగా తీసుకోవడం కళకూ మేలు కాదు, ధర్మానికీ మేలు కాదు.

ఇక్కడ చెక్క అచ్చు ఒక కఠినమైన క్రమశిక్షణను తెచ్చిపెడుతుంది. దిమ్మపై చెక్కినది కాగితంపై తిరగబడుతుంది. కుడి నుండి ఎడమకు నడిచే జావీని చెక్కేవాడు ఎడమ నుండి కుడికి, అద్దంలో చూసినట్లు చెక్కాలి. తెలిసిన అక్షరాన్నైనా చేయి కొత్తగా నేర్చుకోవాలి. తెలియని అక్షరాన్ని ఈ విధంగా చెక్కితే నుక్తా ఎటో పోతుంది, పదం మరో పదమవుతుంది. రంగుల చిత్రంలో కప్పిపుచ్చుకోగల అజ్ఞానం దిమ్మ మీద దాగదు.

రెండవ సమాధానం సులైమాన్ ఈసాది; అది మరింత లోతైనదీ మరింత వివాదాస్పదమైనదీ. 1941లో జోహోర్ బహ్రూలో పుట్టిన ఇతడు 1974లో రెడ్జా పియదాసతో కలిసి పాశ్చాత్య కళాదృష్టికి బదులుగా ఆసియా తాత్త్విక దృష్టి కావాలని ఒక ప్రదర్శనతో పాటు ప్రకటన వెలువరించాడు. ఆ తరువాత 1977లో “గోదో కోసం నిరీక్షణ” అనే ఎచింగులు చేశాడు. బెకెట్ నాటకం పేరు అది. వాటిలో పాశ్చాత్య చిత్రకళ నుండి తెచ్చిన నగ్న స్త్రీరూపం, ఇస్లామీయ రేఖాగణిత అల్లిక ఒకే రేకు మీద ఎదురెదురుగా నిలుస్తాయి. ఈ చిత్రం చూసి ముఖం చిట్లించే ముస్లిం పాఠకులు ఉంటారు. వారి సంకోచం అర్థం కానిది కాదు. కాని చిత్రకారుడు నగ్నరూపాన్ని ఆరాధించడం లేదు. తాను విదేశాల్లో నేర్చిన విద్యకూ తాను పుట్టిపెరిగిన విశ్వాసానికీ మధ్య తన చేతిలోనే ఉన్న చీలికను దాచకుండా చూపుతున్నాడు. ఆ నిజాయితీ వల్లనే అది ఆ దశకంలోని ముఖ్యమైన అచ్చులలో ఒకటి.

అనంతరం అమెరికాలో చదువుతుండగా ఇస్మాయిల్ రాజీ ఫారూఖీ ఆలోచనలు సులైమాన్‌ను ప్రభావితం చేశాయి. ఫారూఖీ వాదం సంక్షిప్తంగా ఇది: తౌహీద్ కళలో వ్యక్తం కావాలంటే ప్రకృతి అనుకరణ కూడదు, మొదలూ తుదీ లేని అల్లిక, కన్ను ఒకచోట ఆగక అనంతం వైపు నడిచే నమూనా కావాలి. 1980లలో సులైమాన్ మనిషి రూపాన్ని విడిచి కాగితం, వెదురు, బట్ట వంటి వాటితో రేఖాగణిత కూర్పులకు మళ్లాడు. అవి శాంతంగా, శుభ్రంగా ఉన్నాయి. అచ్చుకళకు ఈ సిద్ధాంతం సహజమైన జోడీ కూడా. ఒక దిమ్మను పక్కపక్కన అద్దుకుంటూ పోతే అల్లిక దానంతటదే పుడుతుంది. ఎక్కడ ఆపినా అది పూర్తికాదు.

అయినా రెండు అభ్యంతరాలు మిగులుతాయి. ఒకటి చరిత్రకు సంబంధించినది. ప్రాణుల రూపాల విషయమై హదీసుల్లోని హెచ్చరికలు, వాటి వ్యాప్తిపై ఫుఖహాల చర్చలు పాఠకులకు తెలిసినవే. కాని ముస్లిం సమాజాలు పుట్టించిన కళ అంతా నమూనాయే అనడం నిజం కాదు. గోల్కొండ, బీజాపూరు సుల్తానుల కొలువులలో వేయించిన సూక్ష్మచిత్రాలను ఆ నిర్వచనం ఎక్కడ ఉంచుతుంది? రెండవది మరింత ముఖ్యం. నమూనా ఎంత అనంతమైనా దానిలో పొరుగువాడు కనబడడు. ఆకలి, అన్యాయం, అనాథ, ప్రవాసి, ఖుర్‌ఆన్ పదేపదే గుర్తుచేసే వీరందరూ ఆ అల్లికలో ఎక్కడ? తౌహీద్‌ను నమ్మినవాడు న్యాయానికి సాక్షిగా నిలవాలన్న ఆదేశం కేవలం కోర్టుకే పరిమితమా, కళకు వర్తించదా?

ఈ ప్రశ్నకు మలేషియా అచ్చుకళలోనే సమాధానం ఉంది. అది 1980లో పొనిరిన్ అమీన్ చేసిన “అలిబి చతూర్ ది పులావ్ బిదోంగ్”. మారా సంస్థ విద్యార్థి, తరువాత అక్కడే అధ్యాపకుడైన పొనిరిన్ అప్పటికి ముప్పయి నిండని యువకుడు. చతూర్ అంటే చదరంగం. అలిబి అంటే “నేరం జరిగిన వేళ నేనక్కడ లేను” అనే ముద్దాయి వాదన. పులావ్ బిదోంగ్ తెరెంగాను తీరానికి అవతల ఒక చిన్న ద్వీపం. వియత్నాం నుండి పడవల్లో పారిపోయి వచ్చినవారి కోసం 1978లో అక్కడ శిబిరం తెరిచారు. 1979 నడుమ నాటికి ఆ కాస్త చోటులో సుమారు 40,000 మంది క్రిక్కిరిసి ఉన్నారు. 1991లో మూతపడే నాటికి సుమారు రెండున్నర లక్షల మంది దాని గుండా వెళ్లారు. 1979లో మలేషియా ప్రభుత్వం కొత్త పడవలను తిరిగి సముద్రంలోకి నెట్టివేసే విధానం కూడా అనుసరించింది. అదే సమయంలో పెద్ద రాజ్యాలు ఎవరు ఎందరిని తీసుకోవాలన్న లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాయి.

పొనిరిన్ ఈ ఘోరాన్ని కన్నీటి చిత్రంగా చేయలేదు. బలవంతులు ఆడే చదరంగంగా చూపాడు. గడి నుండి గడికి జరపబడేవి మనుషులు. ఎత్తు వేసినవాడు మాత్రం తానక్కడ లేనంటాడు. శీర్షికలోని “అలిబి” అనే ఒక్క మాట ముద్దాయి ఎవరో పేరు చెప్పకుండానే చెబుతుంది. ముద్దాయిలలో చిత్రకారుని సొంత దేశం కూడా ఉందేమోనన్న అనుమానాన్ని చూసేవాని మీదికి వదులుతుంది. శరణార్థులలో అత్యధికులు ముస్లిములు కారు. 1969 గాయం ఇంకా పచ్చిగా ఉన్న దేశంలో మలయ్ ముస్లిం చిత్రకారుడొకడు పరాయి జాతివారి బాధకు సాక్ష్యం చెప్పాడు. ఆ చిత్రంలో అరబ్బీ అక్షరాల అలంకారం కోసం వెదకవలసిన పని లేదు. అయినా “ఇస్లామీయ” అనే విశేషణం కోసం పోటీపడిన ఎన్నో అల్లికల కంటే దానికే ఆ విశేషణం బాగా తగుతుంది. లూ షున్ కాలపు ఉలి పని ఇక్కడ మరో చేతిలో, మరో విశ్వాసపు మనస్సాక్షితో కొనసాగినట్లు కూడా అనిపిస్తుంది.

ఇంత గట్టి చిత్రాన్ని ఎందరు చూశారు? ఇక్కడే అచ్చుకళ తనకు తాను చేసుకున్న ద్రోహం బయటపడుతుంది. అచ్చు పుట్టిందే ఎక్కువ ప్రతుల కోసం. కాని 1960లో వియన్నాలో జరిగిన కళాకారుల అంతర్జాతీయ సభ “మూల అచ్చు”కు నిర్వచనం చేసి, చిత్రకారుడే సంఖ్య నిర్ణయించి, ప్రతి కాగితం మీద ఆ సంఖ్య వేసి సంతకం చేయాలన్నది. ఇరవై ప్రతులలో మూడవది, యాభైలో పదకొండవది అని పెన్సిలుతో రాయడం అలవాటైంది. సంఖ్య ముగిశాక రేకును గీసి పాడుచేయడమూ ఉంది. నకిలీలను ఆపడానికి ఇది అవసరమే కావచ్చు. కాని దాని ఫలితంగా చవక వస్తువు కొరత సృష్టించి ఖరీదైనదిగా మారింది. బిదోంగ్ చిత్రం జాతీయ చిత్రశాల సంపదలో చేరింది, సంతోషమే. బజారు గోడ మీదికి మాత్రం రాలేదు. ఒకప్పటి రాతి అచ్చు కితాబు ఏ పల్లె మదరసాకైనా చేరగలిగేది.

జర్మనీలో పుట్టి 1970లలో మలేషియాలో స్థిరపడిన ఇల్సే నూర్ ఎచింగులు ఈ చిత్రశాల సంస్కృతిలో ఉత్తమ ఫలాలు. పాత సుల్తానుల చెక్క భవనాలను ఆమె సూది కొన ఎంత ఓర్పుతో గీసిందో చూస్తే, శిథిలమవుతున్న వడ్రంగం పనికి అంతకన్న నమ్మకమైన దస్తావేజు ఉండదనిపిస్తుంది. ఆమె సౌందర్యంలో నిరసన లేదు. ఉండాలని కోరడం అన్యాయం.

1961లో క్వాలా కంగ్సార్‌లో పుట్టిన జుహారీ సయీద్ వేరే ధోరణివాడు. మారా సంస్థలో చదివి, తరువాత జపానులో చెక్క అచ్చు మెళకువలు నేర్చిన ఇతడు మలయ్ సామెతలను చిత్రాలుగా మలచాడు. వాటిలో పేరుపొందినది 1998 నాటి “కాతక్ నాక్ జాది లెంబు”, అంటే ఎద్దు కావాలనుకున్న కప్ప. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నదన్న మన సామెతకు బంధువు. ఆసియా దేశాల ఆర్థిక బుడగ పగిలిన రోజులవి. కప్ప ఎవరో చెప్పవలసిన అవసరం చూసేవారికి కలగలేదు. సామెత ప్రతి ఇంటిలోనూ ఉంటుంది కనుక ఈ చిత్రాలు చదువుకోని వానికీ తలుపు తీస్తాయి. తరువాత తరువాత జుహారీ అచ్చు తీయడమే మాని, చెక్కిన దిమ్మనే శిల్పంగా నిలబెట్టసాగాడు. ప్రతి లేని దిమ్మను అచ్చుచిత్రమనడం తెలివైన వాదమే. కాని అచ్చులో జనానికి పనికివచ్చే గుణం సరిగ్గా ఆ ప్రతులలోనే ఉంది.

ఆ ప్రతులను మళ్లీ వీధికి తెచ్చినది రాజధాని కాదు, బోర్నియో ద్వీపంలోని సబాహ్ రాష్ట్రం. 2010లో రనావ్ అనే కొండ ఊరిలో కొందరు యువకులు “పాంగ్‌రాక్ సులాప్” అనే బృందంగా ఏర్పడ్డారు. పంక్ రాక్ అనే సంగీతం పేరు స్థానికుల నోట పాంగ్‌రాక్ అయింది. సులాప్ అంటే దుసున్ భాషలో పొలంలో రైతు నడుం వాల్చే గుడిసె. జకార్తాకు చెందిన మార్జినల్ అనే సంగీత బృందం నుండి వీరు చెక్క అచ్చు నేర్చారు. “కొనకండి, మీరే చేసుకోండి” అన్నది వీరి నినాదం. పెద్ద పెద్ద పలకలను ఊరివారితో కలిసి చెక్కుతారు. సిరా పూసి పైన బట్ట పరుస్తారు. ప్రెస్సు లేదు, పాట పెట్టి అందరూ ఆ బట్ట మీద కాళ్లతో తొక్కుతారు, ఆడతారు. వీరిలో ముస్లిములూ క్రైస్తవులూ ఉన్నా, చిత్రం మీద ఎవరి ఒక్కరి సంతకమూ ఉండదు. ఇరవైలో మూడవదన్న పెన్సిలు రాతకు అంతకన్న సూటి జవాబు లేదు.

2017లో కౌలాలంపూరు ప్రదర్శనలో వీరు “సబాహ్ తానా ఆయిర్‌కూ” అనే రెండు పలకల చిత్రం పెట్టారు. రాష్ట్రగీతం పేరే అది. నా మాతృభూమి సబాహ్ అని అర్థం. ఒక పలక మీద పచ్చని, సుఖమైన సబాహ్. రెండవ దాని మీద లంచం, దోపిడీ, నరికిన అడవి. ఎవరో ఫిర్యాదు చేయగా నిర్వాహకులు దాన్ని తొలగించారు. తొలగించిన తరువాతనే అసలు ప్రచారం వచ్చింది. 2018లో అదే రూపం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జరిగిన ఆసియా పసిఫిక్ ప్రదర్శనలో గోడ కెక్కింది. బట్టను మడిచి పెట్టెలో పెట్టవచ్చు. పలక రనావ్‌లో ఉన్నంత కాలం మరో బట్ట పరిచి తొక్కడానికి కాళ్లకు కొదవ లేదు.